కిందే కలుద్దాం

నాగేశ్వరి గారి ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్ళు వెళ్ళిపోరు, వెళ్ళొస్తారు. ఎవరైనా నోరు జారి "పోతున్నా" అన్నారో, ఆవిడ వాళ్ళను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గుక్కెడు మంచినీళ్ళు తాగించి, సరైన మాట అనిపించి గానీ పంపదు. మియాపూర్‌లో ఆ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు చుట్టూ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాళ్ళ రాకపోకలు మరీ ఎక్కువని, మన నోటివెంట ఏ మాట రాలినా ముందూ వెనకా చూడకుండా "తథాస్తు" అనేసి పోతారని ఆవిడ నమ్మకం.

ఆ దేవతలకు చెవులే గాని బుర్ర ఉండదా అని కోడలు కళ్యాణి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అడిగింది. రెండోసారి అడగలేదు. కాలక్రమంలో ఆమె నోరు కూడా ఆ ఇంటి నోరే అయింది. జ్వరం వచ్చిందనకుండా ఒళ్ళు వెచ్చబడిందనడం, బస్సు తప్పిపోయిందనకుండా తరవాతి బస్సులో వస్తున్నాననడం ఆమెకు ఊపిరి తీసినంత సులువుగా అలవడ్డాయి.

కళ్యాణి మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీలో పేరోల్ చూస్తుంది. అంటే ఆ అద్దాల భవనంలో పనిచేసే ప్రతివాడి హాజరూ, సెలవూ, జీతమూ ఆమె కంప్యూటర్ గుండా పోవాల్సిందే. ఆమె కూర్చునేది ఐదో అంతస్తు. ఆమె కూతురు రసజ్ఞ కూడా కిందటేడు అదే కంపెనీలో చేరింది, పదకొండో అంతస్తులో. అయితే ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియకూడదని రసజ్ఞ షరతు. "పేరోల్ మేడం కూతురంటే నాతో ఎవరైనా సరిగ్గా మాట్లాడతారా?" అని ఆ పిల్ల వాదన. మియాపూర్ నుంచి మెట్రోలో ఒకే రైలెక్కి, అమీర్‌పేటలో కలిసే రైలు మారి, హైటెక్ సిటీలో దిగేదాకా అమ్మా అమ్మా అని ప్రాణం తీసే పిల్ల, లిఫ్టులోకి అడుగుపెట్టగానే "గుడ్ మార్నింగ్ మేడం" అంటుంది. కళ్యాణికి నవ్వూ వచ్చేది, కాస్త కష్టమూ కలిగేది.

ఇలా ఉండగా కళ్యాణి నెత్తిన ఒక పదవి పడింది. ప్రతి అంతస్తుకూ ఒక ఫైర్ వార్డెన్ ఉండాలి, మంటలొస్తే ఎలా దిగాలో అలవాటు చేసే డ్రిల్ జరిగినప్పుడు నారింజరంగు జాకెట్ వేసుకుని తన అంతస్తు జనాన్ని మెట్లవైపు నడిపించాలి. ఎవరికీ అక్కర్లేని ఈ పదవికి పేర్లు రాసుకునే రోజున కళ్యాణి సెలవులో ఉంది. సెలవులో ఉన్నవాళ్ళు కాదనలేరు కదా! అలా ఏకగ్రీవంగా ఎన్నికైంది.

పదవి వచ్చాక ఆమె చేసిన మొదటి ఘనకార్యం ఒక మెయిల్. అంతకుముందు డ్రిల్ అంటే జనానికి చాయ్ విరామం. గంట మోగగానే మెట్లు దిగి, అటునుంచి అటే బండి దగ్గరికి వెళ్ళి, సమోసాలు తిని తీరిగ్గా వచ్చేవాళ్ళు. ఎవరు దిగారో ఎవరు దిగలేదో లెక్కే తేలేది కాదు. కళ్యాణి అందరికీ రాసింది: డ్రిల్‌లో కింద గేటు దగ్గర కార్డు స్వైప్ చేయనివారికి ఆ పూట సెలవు కింద కట్ అవుతుంది. అంతే. ఆ తర్వాతి డ్రిల్ పెళ్ళి ఊరేగింపులా సాగింది. జనం క్రమశిక్షణగా దిగారు, వరసలో నిలబడ్డారు, ఒక్కొక్కరే కార్డు పెట్టి, కీచుమనే శబ్దం వినపడ్డాకే బయటికి అడుగేశారు. పైవాళ్ళు శభాష్ అన్నారు. కళ్యాణి కూడా తనను తాను శభాష్ అనుకుంది.

వార్డెన్లకు శిక్షణ ఇవ్వడానికి అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన వెంకటరామయ్య గారిని పిలిపించారు. మనిషి బక్కపలచన, గొంతు చిన్నది. మంటలు ఆర్పే సిలిండర్ ఎలా పట్టుకోవాలో చెబుతారని అందరూ కూర్చుంటే, ఆయన ముందు అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు.

"మీ కుర్చీలోంచి లేచి, మీ అంతస్తు మెట్ల దాకా మనసులోనే నడవండి. కరెంటు లేదు. పొగ ఉంది. గోడ ఏ చేతివైపు తగులుతోంది?"

ఒక్కరికీ తెలియలేదు. రోజూ తిరిగే తోవ కళ్ళు మూసుకుంటే కనబడలేదు.

"సినిమాల్లో జనం కేకలు పెట్టి పరిగెత్తుతారు. నా సర్వీసులో నేను అది చూసింది తక్కువండీ," అన్నారాయన. "ఎక్కువమంది అసలు కదలరు. కంప్యూటర్ ఆపుతారు. క్యారియర్ సర్దుకుంటారు. చెప్పులు వెతుక్కుంటారు. ఆపద వేళకు మనిషికి కొత్త తెలివి రాదండీ, పాత అలవాటే వస్తుంది. మీక్కూడా కాళ్ళు బరువెక్కుతాయి, చెవులు మూసుకుపోతాయి. అది పిరికితనం కాదు, ఒంటి ధర్మం. అప్పుడు ఊపిరి మెల్లగా వదిలి, చెయ్యాల్సిన పని ఒక్కటి, ఒక్కటే, పైకి అనండి. తలుపు తియ్యాలి అని నోరంటే చెయ్యి దానంతటదే లేస్తుంది."

తర్వాత ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి మెట్లు దిగడం నేర్పారు. పొగలో ముందువాణ్ణి వదలకుండా ఉండటానికట. పెద్ద పెద్ద జీతాలవాళ్ళు చుక్ చుక్ రైలాట ఆడుకుంటూ దిగి, కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆయన కూడా నవ్వారు గానీ మళ్ళీ ఇంకోసారి దిగమన్నారు. అంతస్తు ఖాళీ అయ్యాక తలుపుకు ఎర్ర పట్టీ తగిలించాలని, అది చూసినవాళ్ళు అక్కడ ఆగి ఎవరి కోసమూ వెతకరని చెప్పారు.

చివర్లో అడిగారు, "మీవాళ్ళెవరైనా ఈ బిల్డింగులోనే పనిచేస్తున్నారా?"

కళ్యాణి రసజ్ఞ షరతు గుర్తొచ్చి అందరి ముందూ చెప్పలేదు. అందరూ వెళ్ళాక ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పింది. "మా అమ్మాయి ఉందండీ. పదకొండులో."

"నిజంగా ఏమైనా జరిగితే ఆ అమ్మాయి కోసం పైకి వెళ్తారా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానండీ? కన్నతల్లిని!"

"అలా జనానికి ఎదురెక్కి వెళ్ళినవాళ్ళను తర్వాత మేమే మోసుకొచ్చేవాళ్ళం తల్లీ. కిందికి తెచ్చేసరికి, వాళ్ళు ఎవరిని వెతుక్కుంటూ వెళ్ళారో వాళ్ళే అక్కడ నిలబడి ఏడుస్తుండేవాళ్ళు. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. ఇంటికెళ్ళి మీ అమ్మాయితో ఒక మాట అనుకోండి. నేను నీ కోసం రాను, నువ్వు నా కోసం ఆగకు, కిందే కలుద్దాం. ఇదే మాట. నోటితోనే అనాలి. ముందు అనుకోని మాట పొగలో గుర్తు రాదు."

కళ్యాణి తల ఊపి వచ్చేసింది గానీ, ఆ మాట మింగుడు పడలేదు. నేను నీ కోసం రాను! కన్నకూతురితో అనే మాటేనా అది?

ఆ సాయంత్రం ఎలాగో ధైర్యం చేసి, వంటింట్లో నుంచే మొదలుపెట్టింది. "రసా, ఒకవేళ మన ఆఫీసులో మంటలూ గట్రా అంటుకుంటే..."

మాట పూర్తి కాలేదు. దేవుడి దగ్గర వత్తులు వేస్తున్న నాగేశ్వరి గారు ఒక్క ఉదుటున లేచారు. "అసురసంధ్య వేళ ఆ పాడుమాటలేవిటే! దీపం ఎదురుగా నిలబడి! పైన వాళ్ళు తిరిగే వేళని తెలీదూ? నోరు కడుక్కో ముందు!"

కళ్యాణి నిజంగానే వెళ్ళి నోరు కడుక్కుంది. నవ్వకండి. భయపడ్డ మనిషికి ఎవరో ఒకరు ఆ భయాన్ని మాట్లాడవద్దంటే ఎంత హాయిగా ఉంటుందో, ఆ రాత్రి ఆమెకు అంత హాయిగా ఉంది.

కానీ రసజ్ఞ వదిలే రకం కాదు. మర్నాడు అమీర్‌పేటలో రైలు మారాక, జనం మధ్య నలుగుతూ, పైన కమ్మీ పట్టుకుని అడిగింది. "నిన్న ఏదో అనబోయావు, నానమ్మ మింగించేసింది. ఏంటది?"

"ఇక్కడెందుకే?"

"ఇక్కడే చెప్పమ్మా. మెట్రోలో తథాస్తు దేవతలుండరు. టికెట్ లేనిదే గేటు దాటనివ్వరు."

కళ్యాణికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వెంకటరామయ్య గారు చెప్పిందంతా చెప్పేసింది. రసజ్ఞ నవ్వలేదు. "ఆయన కరెక్టే కదా. సరే, అను."

"నేను నీ కోసం వెంటనే రాను..."

"వెంటనే తీసెయ్."

"మరీ అవసరమైతే తప్ప రాను..."

"అమ్మా! నువ్వు పైకొస్తావన్న అనుమానముంటే నేను పైనే ఆగిపోతాను. నిన్ను వదిలేసి ఎలా దిగుతాను? అదే మంట, ఇద్దరం అందులోనే ఉంటాం. సరిగ్గా అను."

రైలు మలుపు తిరిగింది. కళ్యాణి కూతురి మొహంలోకి చూడలేక కిటికీలోకి చూస్తూ అంది. "నేను నీ కోసం రాను. నువ్వు నా కోసం ఆగకు. కిందే కలుద్దాం."

"నేను నీ కోసం ఆగను. నువ్వు నా కోసం రాకు. కిందే కలుద్దాం," అంది రసజ్ఞ. పక్కన నిలబడ్డాయన వీళ్ళిద్దరినీ వింతగా చూసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ రైల్లో ఆ మాట అనుకోవడం వాళ్ళకు ఆటలా అలవాటైంది. లిఫ్టు దగ్గర విడిపోయేటప్పుడు "కిందే కలుద్దాం మేడం" అనేది రసజ్ఞ. వినేవాళ్ళు భోజనం సంగతి అనుకునేవాళ్ళు.

వర్షాలు మొదలైన రోజులవి. ఒక మధ్యాహ్నం, భోజనాలై జనం కునికిపాట్లు పడుతున్న వేళ, గంట మోగింది.

"మళ్ళీ డ్రిల్లా? క్లయింట్ కాల్‌లో ఉన్నానండీ బాబూ!" అన్నాడొకడు. ఇంకొకామె నిదానంగా పెరుగు డబ్బా మూత పెట్టుకుంటోంది. ఈలోగా లైట్లు పోయాయి. రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. వార్డెన్ల ఫోన్లకు కబురు కూడా వచ్చింది: ఎనిమిదో అంతస్తు కరెంటు గదిలో మంటలు, డ్రిల్ కాదు.

ఎనిమిదో అంతస్తు. ఐదుకు పైన, పదకొండుకు కింద. తనకూ కూతురికీ సరిగ్గా మధ్యన.

కళ్యాణి లేచి నిలబడింది గానీ అడుగు పడలేదు. పాదాలు ఎవరివో అయిపోయాయి. గంట మోగుతున్నట్టు కనబడుతోందే తప్ప వినబడటం లేదు. ఆహా, ఆయన చెప్పింది ఇదే, అనుకుంది. అచ్చంగా ఇదే. ఒంటి ధర్మం. ఆ గుర్తింపే కొండంత ధైర్యం ఇచ్చింది. తెలిసిన దొంగను చీకట్లో పోల్చుకున్నట్టయింది. ఊపిరి మెల్లగా వదిలింది.

"జాకెట్ వేసుకోవాలి," అంది పైకి. చేతులు జాకెట్ తొడిగాయి. "తలుపు తియ్యాలి." కాళ్ళు కదిలాయి.

ఆమె తూర్పువైపు మెట్ల తలుపు తీసి పట్టుకుంది. ఆ భవనానికి రెండు వైపులా మెట్లున్నాయి, తూర్పున ఒకటి, పడమట ఒకటి. రెండూ కింద ఒకే హాల్లోకి దిగుతాయి. "లేవండి, అన్నీ వదిలేసి రండి, భుజం పట్టుకోండి," అని ఆమె అంటుంటే, ఐదో అంతస్తు జనం లేచి వచ్చారు. పెరుగు డబ్బా కూడా వచ్చింది, అది వేరే సంగతి. గదులన్నీ చూసి, ఖాళీ అయ్యాయని నమ్మకం కుదిరాక తలుపుకు ఎర్ర పట్టీ తగిలించింది.

పైఅంతస్తుల వాళ్ళు దిగుతున్నారు. పదో అంతస్తు వాళ్ళు వెళ్ళారు. పదకొండో అంతస్తు మొహాలు ఒకటీ అరా కనబడ్డాయి. రసజ్ఞ లేదు. మెట్లలో సన్నగా పొగ. ఇంతలో దిగుతున్న వరస ఆగిపోయింది.

ఎవరూ కేకలు వేయలేదు. అందరూ సిగ్నల్ దగ్గర ఆగిన బండ్లలా నిలబడ్డారు. "కింద లైనుందట," అన్న మాట మెట్టు మెట్టుకూ ఎక్కి పైకి వచ్చింది. లైనేమిటి? కళ్యాణికి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. ఆ లైను తనది. తన మెయిల్ నిలబెట్టిన లైను.

పైన కూతురు. కింద లైను. పైకి వెళ్ళాలంటే గోడ పక్కన కాస్త సందు ఉంది. కిందికి వెళ్ళాలన్నా అదే సందు. ఆమె కళ్ళు పైకే చూస్తున్నాయి. ఒక్క అడుగు పైకి వేసింది కూడా. అప్పుడు, ఆమె అనాలనుకోకుండానే, ఆమె నోరు అంది:

"నేను నీ కోసం రాను. కిందే కలుద్దాం."

మెట్రోలో అన్న గొంతుతోనే అంది. రైల్లో ఎన్నిసార్లు అందో లెక్కలేదు కాబట్టి నోటికి ఆ తోవ తెలుసు. పక్కన నిలబడ్డ వాళ్ళు తిరిగి చూశారు. కళ్యాణి ఏడుస్తోంది, ఏడుస్తూనే తిరిగి, "దారివ్వండి, వార్డెన్‌ని, దారివ్వండి" అంటూ గోడ రాసుకుంటూ కిందికి దిగింది. కూతురికి దూరంగా వేసిన ఒక్కో అడుగూ ఆమె జన్మలో వేసిన అడుగులన్నిటికంటే బరువైనది.

కింద హాల్లో చూసింది చూసి నిర్ఘాంతపోయింది. కరెంటు పోగానే గేట్లన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. బార్లా తెరుచుకుని ఉన్నాయి. అటువైపు వాన, రోడ్డు, మెట్రో స్తంభాలు, గాలి, అన్నీ కనబడుతున్నాయి. ఇటువైపు వందల మంది చదువుకున్న మనుషులు బుద్ధిగా వరసలో నిలబడి, తెరిచిన గేటు ముందు ఆగి, ప్రాణం లేని యంత్రానికి కార్డు ఆనిస్తున్నారు. శబ్దం రాలేదు. మళ్ళీ ఆనిస్తున్నారు. కార్డును చొక్కాకు తుడిచి మళ్ళీ ఆనిస్తున్నారు. సెక్యూరిటీ ఓదెలు, పాపం, తనకు చెప్పిన పని తాను చేస్తున్నాడు. "లైన్ల రండి సార్, జర లైన్ల రండి, కార్డు వెట్టి పోండి!"

కళ్యాణికి కోపం రాలేదు. భయం వేసింది, ఆ వెనకే ఒక వింత విస్మయం. ఒక్క మెయిల్! ఒక్క మెయిల్ ఇంతమంది ఒళ్ళలోకి ఇంత లోతుగా దిగిందా? పొగ వెంటపడుతుంటే కూడా వదలనంత లోతుగానా? అలవాటు ఎంత బలమైనది తండ్రీ!

కళ్యాణి పుట్టి బుద్ధెరిగాక గట్టిగా అరిచి ఎరగదు. ఆ ఇంట్లో అరవడం కూడా అశుభమే. ఇప్పుడు రిసెప్షన్ బల్ల ఎక్కింది, చీరతోనే.

"స్వైప్ చెయ్యొద్దు! ఎవ్వరూ స్వైప్ చెయ్యొద్దు! నేను పేరోల్ కళ్యాణిని! ఇవాళ ఎవరికీ హాఫ్ డే కట్ అవ్వదు! నా మాట! నడవండి!"

ముందు వరసలో కార్డు పట్టుకున్న కుర్రాడొకడు తల తిప్పి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మెయిల్ పెడతారా మేడం?"

"పెడతానయ్యా, పెడతా! ముందు నువ్వు బయటికి నడు!"

ఓదెలు చేతిలో కర్ర పక్కన పడేశాడు. "అరే, మేడమే చెప్తున్నది గదా! ఇగ పోండ్రి! ఉరకకుండ్రి, నడువుండ్రి, ఆగకుండ్రి!" అంటూ రెండు చేతులతో జనాన్ని బయటికి తోయసాగాడు.

కట్ట తెగినట్టు జనం కదిలారు. తూర్పు మెట్ల నుంచీ పడమటి మెట్ల నుంచీ రెండు వరసలు వచ్చాయి. కళ్యాణి బల్ల మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. ఆ రోజు వార్డెన్లు నవ్వుకుంటూ ఆడిన చుక్ చుక్ రైలే, ఇప్పుడు ఒక్కరూ నవ్వడం లేదు. డైరెక్టరు భుజం మీద క్యాంటీన్ ఆవిడ చెయ్యి, ఆమె భుజం మీద నిన్న చేరిన పిల్లవాడి చెయ్యి. అడుగుల చప్పుడు తప్ప మాట లేదు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, అయినా ముందువాడి భుజం ఎవరూ వదలలేదు. ఇంతమందిలో ఇంత నిబ్బరం ఎక్కడ దాగి ఉంది? జీతం ఆలస్యమైతే గంటకు నాలుగు మెయిళ్ళు పెట్టే మనుషులేనా వీళ్ళు? ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే చేతులు జోడించింది.

కానీ ఆ వందల భుజాల్లో ఆమెకు కావలసిన భుజం లేదు.

హాలు పలచబడ్డాక ఓదెలు ఆమెను చెయ్యి పట్టి దింపి బయటికి తెచ్చాడు. "మేడం, మీరు గూడ రావాలె. మీ డ్యూటీ అయిపోయింది." పార్కింగ్ చివర, అందరూ చేరాల్సిన చోటని రాసిన పచ్చ బోర్డు కింద జనం వానలో నిలబడ్డారు. ఫైరింజన్లు వచ్చాయి. గొట్టాలు విప్పుతున్నారు. ఎనిమిదో అంతస్తు అద్దాల వెనక నల్లటి పొగ సుళ్ళు తిరుగుతోంది. ఐదో అంతస్తు వాళ్ళందరూ వచ్చారని కళ్యాణి అగ్నిమాపక అధికారికి చెప్పింది. చెప్పి, పదకొండో అంతస్తు వైపు తలెత్తింది. ఇక తప్పదనిపించి, నాగేశ్వరి గారి దేవతలందరినీ తలుచుకుంది. నేను రానన్నాను, నిజమే. దానికి మాత్రం తథాస్తు అనకండి. మీకు చెవులే కాదు, బుర్ర కూడా ఉందని ఈ ఒక్కసారి చూపించండి.

తెరిచి ఉన్న గేట్ల అవతల, హాల్లో పడమటి వైపు మెట్ల తలుపు దగ్గర కదలిక కనబడింది. నిండు చూలాలు ఒకామె ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తోంది. ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి, మొహమంతా మసితో, రసజ్ఞ.

కళ్యాణి పిలవబోయేలోపే ఆ పిల్లే చూసింది.

"అమ్మా!"

పార్కింగంతా మారుమోగేలా అరిచింది. "అమ్మా! అమ్మా!" అని అరుస్తూనే ఉంది. మేడం గీడం అన్నీ వానలో కొట్టుకుపోయాయి. కంపెనీ కంపెనీ అంతా తిరిగి, పేరోల్ మేడం వంక, ఆ పిల్ల వంక చూసింది. వాళ్ళిద్దరూ ఎంతసేపు అలా పట్టుకుని నిలబడ్డారో నాకైతే తెలియదు. అశ్వినిని, అదే ఆ చూలాల్ని, అంబులెన్సు దగ్గర కూర్చోబెట్టి ఎవరో నీళ్ళిచ్చారు.

"తూర్పు మెట్లలో పొగ ఎక్కువగా ఉందమ్మా, అశ్విని అక్కకు ఊపిరాడలేదు. అందుకే పడమటి వైపు తిరిగాం," అంది రసజ్ఞ వెక్కుతూ. "మధ్యలో వరస ఆగిపోయింది. అప్పుడు భయమేసింది. నువ్వు నా కోసం ఎక్కుతున్నావేమో, వెనక్కి వెళ్ళి చూద్దామా అనిపించింది. అక్క చెయ్యి కూడా వదలబోయాను. కానీ చెప్పుకున్నాం కదా. మొదటిరోజే మూడుసార్లు అనిపించాను కదా నీతో. ఐదో అంతస్తు దగ్గర, తూర్పు తలుపుకి నీ ఎర్ర పట్టీ ఉందేమో వెళ్ళి చూద్దామనుకున్నా, వెళ్ళలేదు. ఉండే ఉంటుందిలే, అమ్మ కిందే ఉంటుందిలే అనుకుని వచ్చేశా."

కళ్యాణి తల మెల్లగా తూర్పు మెట్ల వైపు తిరిగింది. ఆ పక్క కిటికీల్లోంచి ఇప్పుడు పొగ చిక్కగా వస్తోంది. తాను ఆ మెట్లే ఎక్కి ఉంటే, ఎక్కగలిగితే, పదకొండు దాకా వెళ్ళేది. అక్కడ ఖాళీ కుర్చీలు. ఈ పిల్ల ఇటు దిగి, ఇక్కడ నిలబడి ఏడుస్తుండేది. వెంకటరామయ్య గారు చూసిన దృశ్యమే ఇంకెవరో చూసేవాళ్ళు. ఆమె తడిసిన నేల మీదే కూలబడింది. ఒక చిన్న మాట. ఉప్పూ కారం లేని మూడు ముక్కల మాట. అది ఇద్దరి చేతులూ పట్టుకుని, రెండు వేరువేరు తోవల్లో నడిపించి, ఒకచోట కలిపింది.

ఎవరికీ ప్రాణాపాయం లేదని సాయంత్రానికి తేలింది. హాల్లో మెయిల్ అడిగిన కుర్రాడు మాత్రం వీళ్ళు మెట్రో ఎక్కేలోపే మెసేజ్ పెట్టాడు: మేడం, ఆ మెయిల్. కళ్యాణి రైల్లో నిలబడే రాసి పంపింది. ఆపద వేళ ఎవరూ కార్డు ముట్టుకోవద్దని, పాత మెయిల్‌ను అందరూ మరిచిపోవాలని రాసింది.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. నాగేశ్వరి గారు తలుపు తీసి, ఇద్దరి మొహాలూ చూశారు. కాళ్ళకు నీళ్ళిచ్చారు. దిష్టి తీశారు. అప్పుడు సోఫాలో కూర్చోబెట్టి, "ఇప్పుడు చెప్పండి," అన్నారు.

కళ్యాణి అంతా చెప్పింది. వెంకటరామయ్య గారి మాట, మెట్రోలో అనుకున్న మాట, మెట్ల మీద తన నోటికి వచ్చిన మాట, ఏదీ దాచకుండా చెప్పింది. అత్తగారు ఎక్కడ చెవులు మూసుకుంటుందోనని మధ్యమధ్యలో ఆగింది. ఆవిడ మూసుకోలేదు.

"ఆ మాట చివర్న ఏవిటన్నావు?"

"కిందే కలుద్దాం, అన్నానండి."

"మరింకేం. వాళ్ళు దానికే తథాస్తు అన్నారు."

అని, ఆవిడ దేవుడి గూటి వైపు తిరిగారు. తర్వాత ఆ ఇంట్లో ఎన్నడూ వినబడని చిన్న గొంతుతో అన్నారు. "మీరంతా వెళ్ళాక పగలంతా ఒక్కదాన్నే ఉంటానుగా. పక్కవాళ్ళ ఇంట్లో కుక్కరు గట్టిగా కూస్తే చాలు, నాకు గుండె జారిపోతుంది. ఏమైనా అయితే ఏం చెయ్యను? మీరొస్తారు కదా అని తలుపేసుకుని కూర్చుంటాను. రోజూ అదే అనుకుంటాను. పైకంటే వాళ్ళు వింటారని ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకున్నాను."

కళ్యాణి ఆవిడ వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇల్లంతటి భయాన్నీ తన ఒక్క నోట్లో పెట్టుకుని, అందరికీ మంచి మాటలు మాత్రమే పంచిన మనిషి! రసజ్ఞ వచ్చి నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.

"పొద్దున్నే నేర్పుతానండి," అంది కళ్యాణి. "ఇప్పుడు వద్దు, సంధ్యవేళ..."

"ఇప్పుడే నేర్పు. వాళ్ళు తిరిగే వేళే కావాలి నాకు."

కళ్యాణి ఆవిడ చెయ్యి పట్టుకుని, మెట్లెటువైపో, చెయ్యి ఏ గోడకు ఆనించాలో, కింద వాచ్‌మన్ గది పక్కన ఎక్కడ నిలబడాలో ముందు చెప్పింది. తర్వాత ఆ మాట చెప్పింది. నాగేశ్వరి గారు లేచి, దీపం వత్తి సవరించి, బాల్కనీ తలుపు బార్లా తీశారు. బయట వాన వెలిసింది. మెట్రో రైలు స్టేషన్‌లోకి వస్తోంది.

"నేను మీ కోసం ఆగను," అన్నారావిడ. బాల్కనీలోకి అడుగేసి మళ్ళీ అన్నారు. "మీరు నా కోసం పైకి రావద్దు."

చివరి మాట మాత్రం, వినవలసినవాళ్ళకు బాగా వినబడేలా, గట్టిగా అన్నారు.